ఫోనులో, కంప్యూటర్‌లో తెలుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాయబోతే ఫోను మొరాయిస్తుంది, కంప్యూటర్ తెల్లముఖం వేస్తుంది. అప్పుడు చాలామంది "మన లిపే కష్టం" అని సరిపెట్టుకుంటారు. లిపిలో దోషమేమీ లేదు. తెలుగు తెర మీదికి రావాలంటే మూడు పనులు జరగాలి. కీబోర్డు అక్షరాన్ని పట్టుకోవాలి, ఫోను దాన్ని ఒక సంఖ్యగా దాచాలి, ఫాంటు ఆ సంఖ్యను మళ్లీ బొమ్మగా చూపాలి. ఇబ్బంది ఎప్పుడూ ఈ మూడింటిలో ఏదో ఒక చోట ఉంటుంది. ఎక్కడ ఉందో తెలిస్తే మందు దొరికినట్టే. కింది జవాబులన్నీ ఆ వెతుకులాటే.

తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

అక్షరం క్షేమంగానే చేరింది, దాన్ని చూపే ఫాంటు మీ దగ్గర లేదు. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు సరైన మద్దతు 2012లో వచ్చిన 4.1 రూపంతో మొదలైంది. అంతకు ముందు ఫోన్లలో ఈ డబ్బాలు మామూలు విషయం. మన దేశంలో అమ్మే ప్రతి ఫోనులోనూ 22 భారతీయ భాషలు చదవడానికి వీలుండాలని 2016 నాటి ఐఎస్ 16333 ప్రమాణం చెబుతోంది. కాబట్టి కొత్త ఫోనులో తెలుగు మొత్తం డబ్బాలుగా కనిపించే రోజులు పోయాయి.

ఇప్పుడు మధ్యలో ఒక్క డబ్బా కనిపిస్తే అది చాలావరకు కొత్తగా వచ్చిన ఎమోజీ. అరుదుగా, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో ఈమధ్యే చేరిన తెలుగు అక్షరం కావచ్చు. పాత పుస్తకాల్లో కనిపించే నకార పొల్లుకు ('న్' అని పలికే పాత గుర్తు) సొంత స్థానం దొరికింది 2021లోనే. దంత్య చ, జ ధ్వనులకు వాడే ౘ, ౙ మాత్రం 2008 నుంచే ఉన్నాయి. ఫోనును అప్‌డేట్ చేయడం తప్ప దీనికి వేరే దారి లేదు.

డబ్బాలు కాదు, అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇదీ ఫాంటు సమస్యేనా?

మూడు రకాలున్నాయి, వేటికవే వేరు.

అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే ఆశ వదులుకోండి. తెలుగును దాచడం తెలియని సాఫ్ట్‌వేర్ ప్రతి అక్షరాన్నీ పారేసి, ఆ చోట ప్రశ్న గుర్తు పెట్టింది. మూలం ఎవరి దగ్గరైనా ఉంటే మళ్లీ తెప్పించుకోవాలి.

నెత్తి మీద వాలుగీత ఉన్న ఇంగ్లిషు 'ఏ', దాని పక్కన డిగ్రీల గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇలా పదేపదే వస్తుంటే సంతోషించండి, మీ తెలుగు భద్రంగా ఉంది. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే ఒక సంకేతం) మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు తెలుగులో ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. చదివే సాఫ్ట్‌వేర్ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా చూడకుండా, ఒక్కో బైటునూ ఒక్కో యూరోపియన్ అక్షరం అనుకుంది. అందుకే ఆ రెండు మూడు గుర్తులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు తెరిచినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని, అక్కడ అడిగే ఫైలు మూలం దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. తెలుగు తిరిగి వస్తుంది.

మూడో రకంలో గీతలూ డిగ్రీలూ ఒక క్రమంలో ఉండవు. ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలగాపులగంగా ఉంటాయి. అది డీటీపీ ఫైలు, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో కూర్చిన ఫైలు. దాని సంగతి వేరుగా చెప్పుకోవాలి.

ప్రెస్సు వాళ్లు ఇచ్చిన ఫైలు మా కంప్యూటర్‌లో తెలుగులా కనిపించదు. వాళ్ల దగ్గర బాగానే ఉంది. ఎలా?

వాళ్ల దగ్గర 'అను', 'శ్రీలిపి' వంటి డీటీపీ ఫాంట్లు ఉన్నాయి, మీ దగ్గర లేవు. అంతమాత్రమే అయితే ఫాంటు వేసుకుంటే సరిపోయేది. అసలు చిక్కు ఏమిటంటే ఆ ఫైలులో తెలుగు లేదు.

యూనికోడ్ మొదటి రూపం 1991లో వచ్చింది, తెలుగు అందులోనే ఉంది. కానీ మన కంప్యూటర్లలో అది పనిచేయడానికి మరో పదేళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మామూలు వాడుకరికి యూనికోడ్ తెలుగు అందుబాటులోకి వచ్చింది. ఈలోగా పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు అచ్చు కావాలి కదా. అప్పుడు దొరికిన ఉపాయం తెలివైనదే. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన చోట్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక చోట తలకట్టు, ఒక చోట గుడి, ఒక చోట రావత్తు. పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్‌కు అది ఇంగ్లిషు పాఠమే, చూసేవారికి చక్కని తెలుగు. కాగితం మీదికి వెళ్లే పనికి ఇది చాలు. వెతకడానికి, నకలు తీయడానికి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పనికిరాదు.

ఇంకో తలనొప్పి: ఏ ముక్క ఏ చోట ఉండాలో ఒక్కో సంస్థ ఒక్కో రకంగా నిర్ణయించుకుంది. అందువల్ల ఒక ఫాంటుకు పనికొచ్చే మార్పిడి సాధనం ఇంకో ఫాంటుకు పనికిరాదు. తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లదీ ఇదే కథ. ఒక్కో సైటుకు ఒక్కో ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు పద్మ అనే పొడిగింపు వచ్చి, అలాంటి పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అప్పటి నెటిజన్లు దాన్ని ఇంకా తలచుకుంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఫైలు ఏ ఫాంటులో ఉందో, దాని పూర్తి పేరేమిటో ప్రెస్సువారిని అడగండి. మూల ఫైలును ముట్టుకోకుండా నకలును మార్పిడి చేయండి. వచ్చినదాన్ని మనిషి చేత చదివించండి. వత్తులు పక్క అక్షరానికి అంటుకోవడం, ఘ, ఝ, మ, య వంటి ఒకే పోలిక ఉన్న అక్షరాలు తారుమారు కావడం తప్పదు. సొంత పుస్తకం అచ్చు వేయించుకునేవారికి ఒక మాట. ప్రెస్సుకు ఇచ్చే ముందే యూనికోడ్ ప్రతి ఒకటి మీ దగ్గర దాచుకోండి. దిద్దుబాట్లు అయ్యాక దాన్నీ సరిచేసుకోండి. పదేళ్ల తర్వాత ఈ-పుస్తకం వేయాలనిపిస్తే మళ్లీ మొదటి నుంచి టైపు చేయించాల్సిన అవసరం రాదు.

పీడీఎఫ్ తెర మీద శుభ్రంగా ఉంది. నకలు తీసి అతికిస్తే ముక్కలవుతోంది.

పీడీఎఫ్ బొమ్మను దాచుతుంది, పాఠం దానికి తర్వాతి సంగతి. స్త్రీ అనే అక్షరాన్ని గీయడానికి ఏ ముక్కను ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. ఆ ముక్కలు కలిస్తే ఏ అక్షరమో చెప్పే పట్టిక లోపల ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. యూనికోడ్‌లో రాసిన పత్రం కూడా పీడీఎఫ్ అయ్యాక ఇలా పాడైపోవచ్చు.

అతికించిన ముక్కలను చేత్తో దిద్దుతూ కూర్చోవద్దు, రాత్రి తెల్లారినా పని తెమలదు. పేజీని బొమ్మగా మార్చి అక్షర గుర్తింపు సాధనానికి ఇవ్వండి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరిస్తే తెలుగును గుర్తిస్తుంది. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌లోనూ తెలుగు ఉంది. అచ్చు స్పష్టంగా ఉంటే ఫలితం ముక్కల కంటే ఎంతో మేలు.

తెలుగు ఎస్సెమ్మెస్ ఒకటి పంపితే రెండు మూడింటి డబ్బులు పడుతున్నాయి. మోసమా?

మోసం కాదు, పాత లెక్క. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లు పడతాయి. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు ఇముడుతాయి. తెలుగుకు పదహారు బిట్లు కావాలి, అంటే 70 మాత్రమే. అది దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను కలిపే సమాచారానికి కొంత చోటు పోయి, ఒక్కో ముక్కలో ఇంగ్లిషుకు 153, తెలుగుకు 67 మిగులుతాయి.

ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. "మీ కరెంటు బిల్లు గడువు రేపటితో ముగుస్తుంది" అనే వాక్యంలో బడి పిల్లవాడు 17 అక్షరాలు లెక్కపెడతాడు. ఫోను మాత్రం గుణింతాలనూ పొల్లునూ సున్ననూ ఖాళీలనూ విడివిడిగా లెక్కించి 42 అంటుంది. ఇంకో తమాషా: ఇంగ్లిషు సందేశంలో ఒక్క తెలుగు అక్షరం, ఒక్క ఎమోజీ, చివరికి వర్డ్ నుంచి అతికించిన వంపు తిరిగిన కొటేషన్ గుర్తు ఉన్నా సందేశం మొత్తం 70 లెక్కలోకి పడిపోతుంది. చిట్టీల వ్యాపారులు, బడులు, ఆస్పత్రులు ఒకేసారి వేలమందికి పంపేటప్పుడు ఈ ఒక్క గుర్తు బిల్లును రెట్టింపు చేయగలదు. మొబైల్ ప్రమాణాల్లో తెలుగుకు కూడా ఏడు బిట్ల పట్టిక రాసి పెట్టారు. వాడుకలో అది కనిపించడం అరుదు.

ఒక్క అక్షరం చెరపడానికి ఆరుసార్లు నొక్కాలా?

స్త్రీ అయితే అవును. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి: మొత్తం ఆరు సంకేతాలు. వెనక్కి చెరిపే మీట ఒక్కో దెబ్బకు ఒక్కో సంకేతాన్ని తీసేస్తుంది. విసుగ్గా అనిపించినా ఇది మనకు అనుకూలమే. 'కి' బదులు 'కీ' పడితే గుడి ఒక్కదాన్నే తీసి సరిచేసుకోవచ్చు, అక్షరమంతా మళ్లీ కొట్టనక్కర్లేదు. కంప్యూటర్‌లో ముందుకు చెరిపే డిలీట్ మీట మాత్రం అక్షరాన్ని మొత్తంగా మింగేస్తుంది.

లక్ష్మి అనే పేరులో మనకు రెండే అక్షరాలు. ఫోనుకు ఏడు సంకేతాలు. "పేరు 20 అక్షరాలకు మించరాదు" అనే ఫారాల్లో మీ పేరు సగంలో తెగిపోయేది ఇందుకే. ఏ సంకేతాల గుంపును ఒక అక్షరంగా చూడాలో చెప్పే యూనికోడ్ నియమం కూడా చాలాకాలం వత్తుల దగ్గర తడబడింది. స్త్రీని మూడు తునకలుగా లెక్కపెట్టేది. 2023లో వచ్చిన 15.1 రూపంలో ఆ నియమాన్ని సవరించారు. యాప్‌లు దాన్ని ఎప్పుడు అందిపుచ్చుకుంటాయన్నది వాటి తయారీదారుల శ్రద్ధను బట్టి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ అని రాయబోతే 'ట' కింద వావత్తు పడుతోంది. ఆపడం ఎలా?

పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తు చేయాలన్నది తెలుగు నియమం. ఫోను దాన్ని నమ్మకంగా పాటిస్తోంది. సంస్కృత, తెలుగు పదాలకు అది సరిపోతుంది. పేస్‌మేకర్, రాజ్‌కుమార్, ఫేస్‌బుక్ వంటి మాటల దగ్గరే చిక్కు. అక్కడ పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. కొన్నింటిలో పొల్లు మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే వస్తుంది.

ఈ గుర్తు వల్ల ఒక కొత్త చిక్కు వచ్చింది. మీరు గుర్తు పెట్టి రాజ్‌కుమార్ అని రాశారు, గుమాస్తా గుర్తు పెట్టకుండా నమోదు చేశాడు. కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. మంచి వెతుకులాట యంత్రాలు ఈ గుర్తును పట్టించుకోకుండా వెతుకుతాయి. సాదాసీదా డేటాబేసులు పట్టించుకుంటాయి. జాబితాలో మీ పేరు కనిపించకపోతే ముందు పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలతోనే వెతికి చూడండి.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో చిక్కు సున్న. అక్షరం పక్కన వచ్చే ం, తెలుగు అంకె ౦, ఇంగ్లిషు 'ఓ' చూడటానికి ఒకటే, లోపల మూడు వేర్వేరు సంకేతాలు. పాత టైపు అలవాటుతో సున్న బదులు అంకె కొట్టినవారి పత్రాల్లో ఏ మాట వెతికినా దొరకదు.

ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోను చచ్చిపోతుందట. నిజమేనా?

ఒకప్పుడు నిజం, అదీ సగమే. 2018 ఫిబ్రవరిలో ఈ వార్త ప్రపంచమంతా చుట్టింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో 'జ్ఞా' వంటి అక్షరం సందేశంగా వస్తే ఆ యాప్ మూతపడేది, మళ్లీ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌గా వస్తే మొత్తం తెరే కూలిపోయేది. మ్యాక్ కంప్యూటర్లకూ యాపిల్ వాచీకీ ఇదే గతి పట్టింది. ఆకతాయిలు ఆ అక్షరాన్ని తమ పేరు పక్కన పెట్టుకుని ఊరి మీద పడ్డారు.

పత్రికల శీర్షికలన్నీ "తెలుగు అక్షరం" అని నింద వేశాయి. పాపం ఆ అక్షరం ఏమీ చేయలేదు. జ్ఞానం, విజ్ఞాపన, ఆజ్ఞాపించు అని తెలుగువాళ్లు ఆ ఐఫోన్లలోనే హాయిగా రాసుకుంటూ ఉన్నారు. ఫోన్లను కూల్చిన వరుస వేరు. జ, పొల్లు, ఞ తర్వాత పైన చెప్పుకున్న కనిపించని గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. తెలుగు రాసే ఎవరికీ ఆ చోట ఆ గుర్తుతో పనిలేదు. ఎక్కడో పొరపాటున పడిన ఆ వరుసను పేర్చబోయి యాపిల్ సాఫ్ట్‌వేర్ తలకిందులైంది. ఇలాంటి వరుసలే బెంగాలీలోనూ దాన్ని కూల్చాయి. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 రూపంతో యాపిల్ సరిచేసింది. ఇప్పటికీ "ఈ అక్షరం తెరవకండి" అని తిరిగే ఫార్వర్డులను నిశ్చింతగా చెరిపేయండి.

తెలుగు వికీపీడియా లింకు పంపితే బారెడు పొడవున శాతం గుర్తులు వెళ్తున్నాయి.

వెబ్ చిరునామాల్లో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఉండాలని తొలినాటి నియమం. మిగతా ఏ అక్షరమైనా బైట్లుగా విడగొట్టి, ప్రతి బైటునూ రెండు గుర్తులుగా రాసి ముందు శాతం గుర్తు తగిలించాలి. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి తొమ్మిది. 'తెలుగు' అన్న చిన్న మాటే 54 గుర్తులవుతుంది. చూడటానికి వికారంగా ఉన్నా లింకు సరైనదే, అవతలివారు నొక్కితే తెరుచుకుంటుంది. వికీపీడియాలో పక్క పట్టీలో చిన్న లింకు ఇచ్చే పరికరం ఉంది, పంపడానికి అది మేలు.

ఫ్లెక్సీ షాపులో ఫొటోషాప్‌లో అతికిస్తే గుణింతాలు ఊడిపోతున్నాయి.

ఫాంటు మార్చి చూసి లాభం లేదు. భారతీయ లిపులను పేర్చే యంత్రాంగం ఆ ప్రోగ్రాములో నిద్రపోతోంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి పాత రూపాల్లో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్', కొత్తవాటిలో 'వరల్డ్-రెడీ' ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ పట్టీలో 'వరల్డ్-రెడీ కంపోజర్' ఉంటుంది. ఒక్క ఎంపికతో తీరే సమస్యకు దుకాణాలు ఇంకా పాత ఫాంట్లనే పట్టుకు వేలాడుతున్నాయి.

మా వెబ్‌సైటులో వత్తులు కింద తెగిపోతున్నాయి.

వరుసల మధ్య ఎడం ఇంగ్లిషుకు సరిపడా పెట్టారు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు. ఎడం పెంచండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగు ఏదైనా ఉంటే తీసేయండి, అది తెలుగును చీలుస్తుంది. ఉచిత ఫాంట్లు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, ఎన్టీఆర్, గిడుగు, ధూర్జటి వంటివి చాలా ఉన్నాయి. శీర్షికకు రామభద్ర, పాఠానికి మండలి అని నా ఓటు.

తెలుగు టైపు చేయడానికి ఏది మంచిది?

రోజుకు నాలుగు సందేశాలకు మించి రాయనివారికి ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి చాలు. కంప్యూటర్‌లో అయితే లేఖిని అనే వెబ్‌సైటు ఉంది. పెద్ద టీ కొడితే ట, చిన్న టీ కొడితే త. ఊహించేది ఏమీ లేదు, కొట్టిందే వస్తుంది. ఫోను కీబోర్డులు మాత్రం మీ మనసు చదవబోయి వాడు, వదు, వడు అని మూడు చూపిస్తాయి. పంపే ముందు ఒకసారి చూసుకోవాలి.

రోజూ పేజీలు రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. అదే అమరిక అన్ని భారతీయ భాషలకూ పనికొస్తుంది. మొదట్లో చికాకు పెడుతుంది, అలవాటయ్యాక వేళ్లే ఆలోచిస్తాయి. డీటీపీలో వాడే 'యాపిల్', 'మాడ్యులర్' అనే కీబోర్డు అమరికలకు చేయి అలవాటైన డీటీపీ ఆపరేటర్లను మాత్రం మారమని ఒత్తిడి చేయకండి. గూగుల్ 2017లో తెలుగు మాటలను విని రాసే సదుపాయం తెచ్చింది, పెద్దవారికి అది వరం. విరామ చిహ్నాలు, ఊరి పేర్లు మాత్రం చేత్తో దిద్దుకోవాల్సిందే.

హిందీ నుంచి తెలుగులోకి వచ్చే పేర్లు ఎందుకు తేడాగా ఉంటాయి?

యూనికోడ్‌లో భారతీయ లిపులను ఇస్కీ అనే మన ప్రమాణాన్ని అనుసరించి ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పేర్చారు. ఒక్కో లిపికి 128 గడులు. హిందీ 'అ' సంఖ్యకు 768 కలిపితే తెలుగు 'అ' వస్తుంది, 'క'కు కలిపితే 'క'. సోమరి సాఫ్ట్‌వేర్ ఆ కూడికతోనే పని ముగిస్తుంది. హిందీలో 'కమల' అని రాసి కమల్ అని పలుకుతారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆయన కమల అయిపోతాడు.

పొరపాటున ఫోను భాష మార్చేశాను. ఏమీ చదవలేకపోతున్నాను.

పళ్లచక్రం గుర్తున్న సెట్టింగ్స్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో చాలావరకు అడుగున ఉండే సిస్టమ్ విభాగంలో భాషల జాబితా దొరుకుతుంది. అక్కడ ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది కాబట్టి తెలుగును గుర్తుపట్టడం తేలిక.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చా?

చాలా సైట్లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా వద్దు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి, వత్తు పడిందో లేదో తెలియదు. తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ ముందు కూర్చున్న రోజున మీ ఖాతాకు మీరే బయటివారవుతారు.